కల్పిత దేశానికి విప్లవ వామపక్ష పార్టీని రూపొందించడం ఎలా?

కల్పిత దేశం నేపథ్యంగా నవల రాసేవారు విప్లవ పార్టీ దగ్గరకు రాగానే ముందు జెండా, గుర్తు, నినాదం సిద్ధం చేసుకుంటారు. అవి చివరికి వదిలేయవచ్చు. ఆ దేశంలో భూమి ఎవరి పేరున ఉంది, కూలి ఎవరు నిర్ణయిస్తారు, అప్పు ఎవరి దగ్గర పుడుతుంది అన్నవి మొదట తేల్చుకోవాలి. కౌలు రైతులు ఎక్కువగా ఉన్నచోట పార్టీ తొలి డిమాండు భూమి అవుతుంది; గనులూ రేవులూ ఉన్నచోట పనిగంటలు అవుతాయి. రెండూ ఉన్న దేశమైతే కథకు మరీ మంచిది. 1917లో రష్యాలో అధికారానికి వచ్చిన బోల్షెవిక్కుల బలం ప్రధానంగా నగర కార్మికుల్లో ఉండేది కాబట్టి, వారు తమ భూమి డిక్రీలో (ప్రభుత్వ ఉత్తర్వులో) రైతుల్లో పట్టున్న మరో పార్టీ అయిన సోషలిస్టు రివల్యూషనరీలు ప్రచారం చేసిన రైతుల డిమాండ్లనే దాదాపు యథాతథంగా స్వీకరించారు.

తరువాత పార్టీ నిబంధనావళిలో ఒకే ఒక్క నిబంధన రాయండి: సభ్యుడు అంటే ఎవరు? 1903లో బ్రస్సెల్స్‌లో మొదలై, పోలీసుల ఒత్తిడి వల్ల లండన్‌కు మారిన రష్యన్ సోషల్ డెమొక్రాట్ల రెండవ మహాసభ ఈ ప్రశ్న మీదే రెండుగా చీలడం మొదలైంది. సభ్యుడు ఏదో ఒక పార్టీ శాఖలో స్వయంగా పనిచేయాలని లెనిన్ పట్టుబట్టగా, శాఖ మార్గదర్శకత్వంలో క్రమం తప్పకుండా సహకరిస్తే చాలని మార్తోవ్ వాదించాడు. ఓటింగులో మార్తోవ్ ముసాయిదానే నెగ్గింది. అయితే కొందరు ప్రతినిధులు సభ నుంచి వెళ్లిపోవడంతో, నాయకత్వ ఎన్నికల నాటికి లెనిన్ వర్గానికి ఆధిక్యం దక్కింది. ‘బోల్షెవిక్’, అంటే మెజారిటీవాడు, అన్న పేరు అక్కడి నుంచి వచ్చింది. మీ పార్టీలోనూ చీలిక ఇలాంటి పొడి వాక్యం నుంచే పుట్టాలని నా అభిప్రాయం. ఇద్దరు నాయకుల అహం దెబ్బతినడం వల్ల పుట్టిన చీలికను పాఠకుడు త్వరగానే మరచిపోతాడు.

నిబంధన రాశాక దాన్ని ఒక గదిలోకి దించి చూడండి. శాఖా సమావేశంలో కార్యదర్శి చందా పుస్తకం తెరిచి, మూడు నెలలుగా చెల్లించని ఒక నేత కార్మికుడి పేరు దగ్గర పెన్సిల్ ఆపుతాడు. మగ్గం ఆగిపోయిన సంగతి గదిలో అందరికీ తెలుసు, అయినా సభ్యత్వం రద్దు చేయాలా వద్దా అన్నది ఓటుకు పెట్టక తప్పదు. ఏ ప్రణాళికా పత్రమూ చెప్పలేనంత ఈ ఒక్క దృశ్యం చెబుతుంది.

పత్రిక ఎక్కడ అచ్చవుతుంది, సరిహద్దు ఎలా దాటుతుంది, చదువురాని వారికి ఎవరు చదివి వినిపిస్తారు అన్నవి కూడా రాసి పెట్టుకోండి. పార్టీ చట్టబద్ధమా, నిషిద్ధమా అన్నదాన్ని బట్టి ఈ వివరాలన్నీ మారిపోతాయి.

యుద్ధాన్ని ప్రవేశపెడితే పార్టీకి అసలు పరీక్ష ఎదురవుతుంది. అంతర్జాతీయ కార్మిక ఐక్యతను చాటిన జర్మన్ సోషల్ డెమొక్రాట్లు 1914 ఆగస్టు 4న పార్లమెంటులో యుద్ధ నిధులకు ఓటేశారు. పార్టీ క్రమశిక్షణకు లోబడి ఆ రోజు తానూ అనుకూలంగా ఓటేసిన కార్ల్ లీబ్‌నెక్ట్, డిసెంబరులో ఒంటరిగా వ్యతిరేకించాడు. ఆ నాలుగు నెలల వ్యవధిలో మీ పాత్రకు ఏం జరిగిందో రాయగలిగితే కథ దానంతటదే నడుస్తుంది.

పేరు ఇక ఇప్పుడు పెట్టండి, పాత తగాదా అందులో కనిపించేలా పెట్టండి. 1918లో కమ్యూనిస్టు పార్టీగా పేరు మార్చుకున్న తరువాత కూడా బోల్షెవిక్కులు బ్రాకెట్లో ‘బి’ అన్న అక్షరాన్ని ఉంచుకున్నారు. దాన్ని తీసేసింది 1952లో.