బండి ఇన్సూరెన్స్ రెన్యువల్: ముందు ఆ రెండు తేదీలు చూడండి

కొత్త బండి కొన్నప్పుడు షోరూమ్‌లో "ఐదేళ్ల ఇన్సూరెన్స్ ఉంది సార్" అంటారు. ఆ ఐదేళ్లు థర్డ్ పార్టీకి, అంటే మన బండి వల్ల ఎదుటివారికి జరిగే నష్టానికి ఇచ్చే బీమాకు మాత్రమే. 2018 సెప్టెంబరు 1 నుంచి కొత్త టూవీలర్లకు అది తప్పనిసరి. మన బండి దెబ్బతిన్నా, ఎవరైనా ఎత్తుకుపోయినా డబ్బులిచ్చే ఓన్ డ్యామేజ్ భాగం చాలా పాలసీల్లో ఏడాదికే ముగుస్తుంది. అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి ఎక్కడ చూసినా ఆర్సీ పదిహేనేళ్లుంది కదా అని ధీమాగా తిరిగేవాళ్లే ఎక్కువ. కాబట్టి ముందు పాలసీలో ఈ రెండింటి గడువు తేదీలు విడివిడిగా చూడండి. కాగితం పోతే ప్రభుత్వ ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొట్టి ఇన్సూరెన్స్ గడువు చూడండి. ఓన్ డ్యామేజ్ సంగతి మాత్రం పాలసీలోనే తేలుతుంది.

థర్డ్ పార్టీ ఇంకా ఉండి, ఓన్ డ్యామేజ్ ఒక్కటే అయిపోతే దాన్ని విడిగా తీసుకోవచ్చు. పాత కంపెనీ దగ్గరే తీసుకోవాలని లేదు. రెండూ అయిపోతే థర్డ్ పార్టీ ఒక్కటా, రెండూ కలిపిన ఫుల్ ఇన్సూరెన్సా అన్నది మీ ఇష్టం. థర్డ్ పార్టీ కూడా లేకుండా దొరికితే చట్ట ప్రకారం మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 జరిమానా. జైలు శిక్షకూ అవకాశం ఉంది.

థర్డ్ పార్టీ రేటు ప్రభుత్వం నిర్ణయించేదే, బేరం ఉండదు. 2022 జూన్ 1న వచ్చిన రేట్ల ప్రకారం ఏడాదికి 75 సీసీ లోపు 538, 150 సీసీ వరకు 714, 350 సీసీ వరకు 1,366, ఆపైన 2,804 రూపాయలు. దీనిపై 18 శాతం జీఎస్టీ. పాల క్యాన్లు మోసే ఎక్సెల్ 100కీ, స్ప్లెండర్‌కీ ఒకే రేటు, ఎందుకంటే రెండూ వంద సీసీకి దగ్గరగా ఉన్నవే. బుల్లెట్ 350 అయితే 1,366. బేరం ఆడాల్సింది ఓన్ డ్యామేజ్ దగ్గరే. అక్కడ కంపెనీకో రేటు.

ప్రీమియం తగ్గించి చూపడానికి కొందరు ఐడీవీ, అంటే కంపెనీ బండికి కట్టే విలువ, తగ్గించేస్తారు. బండి పోతే వచ్చేది ఆ లెక్కనే. ఏడాది క్లెయిమ్ లేకపోతే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం తగ్గుతుంది, ఏటా పెరుగుతూ 50 శాతం దాకా వస్తుంది. గడువు దాటి 90 రోజులైతే ఆ రాయితీ పోతుంది. అడిగి మరీ వేయించుకోండి.

మన దగ్గర ఒక బండి మీద భార్యాభర్తలు, వెనక ఇంకొకరు ఎక్కడం మామూలే. థర్డ్ పార్టీ ఒక్కటే ఉన్న పాలసీలో వెనక కూర్చున్నవారికి కంపెనీ పరిహారం ఇవ్వనక్కర్లేదని 2006లో సుప్రీంకోర్టు చెప్పింది. ఫుల్ ఇన్సూరెన్స్‌లో వారికీ రక్షణ ఉంటుంది. ఇంట్లోవాళ్లను ఎక్కించుకుని తిరిగేవారు కొన్ని వందలకు చూసుకోవద్దని నా మాట. బండి నడిపే యజమానికి 15 లక్షల ప్రమాద బీమా వేరు. లైసెన్స్ చెల్లుబాటులో ఉంటేనే అది వర్తిస్తుంది. ఇప్పటికే అంత మొత్తానికి వేరే పాలసీ ఉంటే మళ్లీ కట్టక్కర్లేదు.

దరఖాస్తుకు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లే పని లేదు. ఆర్సీ, పాత పాలసీ, ఆధార్ లేదా పాన్, ఫోన్ నంబరు ఉంటే కంపెనీ వెబ్‌సైట్‌లోనో, ఊళ్లో బ్రాంచి లేదా ఏజెంటు దగ్గరో పని అయిపోతుంది. ఓన్ డ్యామేజ్ గడువు దాటితే బండి ఫొటోలు గానీ, వీడియో గానీ అడుగుతారు. డబ్బు కట్టాక పాలసీలో ఛాసిస్, ఇంజిన్ నంబర్లు ఆర్సీతో సరిపోల్చండి. ఒక్క అంకె తేడా ఉన్నా వెంటనే మార్పించండి, క్లెయిమ్ రోజున అదే టెన్షన్ అవుతుంది.

సెకండ్ హ్యాండ్ బండి కొన్నవారు పేరు మారిన 14 రోజుల్లో కంపెనీకి చెప్పాలి. పాత యజమాని నో క్లెయిమ్ రాయితీ మీకు రాదు. కంపెనీ ఫిర్యాదు పట్టించుకోకపోతే బీమా నియంత్రణ సంస్థ నంబరు 155255కు ఫోన్ చేయవచ్చు, దాని బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టవచ్చు. నెల దాటినా తేలకపోతే హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు, అంటే బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి రాయవచ్చు, ఫీజేమీ లేదు.