ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వస్తే పందుల రైతు నష్టం తగ్గించుకోవడం ఎలా

రెండు తల్లి పందులు, పది పదిహేను పిల్లలు ఉన్న ఇంటికి ఈ జబ్బు వస్తే, నష్టం చచ్చిన పందుల ఖరీదుతో ఆగదు. రెండు నెలల ఆడపిల్లను మళ్లీ కొంటే, అది ఎదకొచ్చి దాటించేసరికి ఆరు నెలలు. సూడి 114 రోజులు. ఈనిన పిల్లలు పాలు మరిచి అమ్మకానికి రావడానికి ఇంకో రెండు నెలలు. అంటే ఏడాది పాటు చేతికి రూపాయి రాదు, దాణా బాకీ మీద వడ్డీ మాత్రం పెరుగుతూనే ఉంటుంది.

మన దేశంలో ఇది 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో బయటపడింది. మనుషులకు సోకదు. పందులకు మాత్రం మందు లేదు. మామూలు స్వైన్ ఫీవర్ టీకా దీన్ని ఆపదు, అయినా ఆ టీకా మానకండి.

విశాఖలో పెద్ద ప్రమాదం హోటల్ ఎంగిలే. జగదాంబ, ఆర్టీసీ కాంప్లెక్స్ వైపు నుంచి తెచ్చే డ్రమ్ములో జబ్బు పంది మాంసం ముక్క ఒక్కటి ఉన్నా చాలు, జబ్బు దొడ్డిలోకి వచ్చేస్తుంది. ఆ ఎంగిలి కూడు తెర్లడం మొదలయ్యాక అడుగు నుంచి కలుపుతూ కనీసం అరగంట ఉడికించాలి. ఎక్కువమంది ఇక్కడ వరకూ సరిగ్గానే చేసి, ఉడికిన కూడును పచ్చి ఎంగిలి తెచ్చిన డ్రమ్ములోనే తిరిగి పోస్తారు. పడ్డ కష్టమంతా అక్కడే పోతుంది. రెండు డ్రమ్ములు పెట్టుకుని, ఒకదానికి ఎర్ర రంగు వేయండి. బేరగాడి తాళ్లు, తూకం కొక్కెం దొడ్డిలోకి రానివ్వకండి. పందిని గేటు బయటే తూయండి.

తెల్ల పందికి చెవులు, పొట్ట ఎర్రబడితే కనిపిస్తుంది. మన నల్ల పందికి కనిపించదు. అందుకే థర్మామీటరు ఉండాలి. 40.5 డిగ్రీల సెల్సియస్ దాటి, మేత మాని, ఒకదాని మీద ఒకటి పడుకుంటే ఆ రోజే పశువైద్యుడికి చెప్పండి, లేదా పశువైద్య హెల్ప్‌లైన్ 1962కు ఫోన్ చేయండి. పరీక్షలో తేలితే కిలోమీటరు పరిధిలోని పందులన్నిటినీ చంపించాల్సి వస్తుంది. పరిహారం అలా చంపించిన వాటికే ఇస్తారు, ముందే చచ్చినవాటికి రాదు. రెండు రోజులు దాచితే పోయేది ఆ డబ్బే. పరిహారం బరువును బట్టి ఉంటుంది కాబట్టి నెలనెలా పందుల లెక్క, బరువు, ఫోటో తేదీతో రాసిపెట్టుకోండి. బీమా ఉంటే ఈ జబ్బు పాలసీలో ఉందో లేదో ముందే చదివించుకోండి.

జబ్బు పందిని అగ్గువకు అమ్మేయకండి, కళేబరాన్ని గెడ్డలో, అంటే వాగులో పడేయకండి. అధికారులు చూపించిన చోట లోతుగా గొయ్యి తీసి, సున్నం వేసి పూడ్చాలి.

దొడ్డి ఖాళీ అయ్యాక ముందు పేడ గీకి, సబ్బునీళ్లతో కడగాలి. మురికి మీద పోసిన మందు పనిచేయదు. తర్వాత 10 లీటర్ల నీళ్లకు 200 గ్రాముల కాస్టిక్ సోడా. సోడానే నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, సోడా మీద నీళ్లు పోస్తే చిమ్మి ఒళ్లు కాలుతుంది. చేతి తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి.

మళ్లీ పందులు పెంచుకోవడానికి పశుసంవర్ధక శాఖ అనుమతి వచ్చాక కూడా మంద మొత్తం ఒకేసారి కొనకండి. రెండు మూడు పిల్లలను తెచ్చి, అన్ని గదుల్లోనూ తిప్పుతూ ఆరు వారాలు చూడండి. అవి బాగుంటేనే మిగతా డబ్బు బయటికి తీయండి.