ఎండు తెగులును తట్టుకునే శనగను తయారు చేసుకోవడం

చుట్టూ ఉన్నవన్నీ చచ్చి ఒక్క శనగ మొక్క పచ్చగా నిలిస్తే, దాని గింజలు దాచుకునేవారు చాలామంది. నేను దాచను. ఆ మొక్క తెగులును తట్టుకుందా, లేక తెగులు చేరని జానెడు నేలలో పడి తప్పించుకుందా అన్నది పైకి చూస్తే తెలియదు. వంగడాల ఎంపికలో సగం పని ఈ తేడాను పట్టుకోవడమే. అందుకే ఎవరికి నేర్పినా ముందు తెగులు నిండిన పరీక్ష మడి తయారు చేయిస్తాను, రెండు రకాలను కలిపే సంకరం మాట తర్వాత.

మొదట తెగులును సరిగ్గా గుర్తించండి. వాలిన మొక్కను లాగితే వేరు సగం నేలలోనే ఉండిపోతుంది, తవ్వి తీయాలి. తల్లివేరును బ్లేడుతో నిలువునా చీల్చండి. ఎండు తెగులైతే వేరు పైకి శుభ్రంగానే ఉంటుంది. లోపల నడిమధ్యన ముదురు గోధుమ రంగు చార కాండంలోకి పాకి కనిపిస్తుంది. ఇది ఫ్యుజేరియం ఆక్సిస్పోరం అనే శిలీంధ్రం పని. పిల్లవేళ్లు ఊడిపోయి తల్లివేరు పెళుసుగా విరిగితే ఎండు వేరుకుళ్లు. మొదలు దగ్గర తెల్లని బూజు, అందులో ఆవగింజలంత గుండ్లు ఉంటే మొదలుకుళ్లు. ఈ మూడింటి చావులూ ఒకే వరుసలో కలిపి రాసుకున్న లెక్క దేనికీ పనికిరాదు.

తెగులు మడికి ఏటా ఎండు తెగులు కనిపించే మూలనే ఎంచుకోండి. అక్కడి నీళ్లు మరో పొలంలోకి పారకూడదు. పారలకు, గొర్రుకు అంటిన మట్టిని అక్కడే కడిగేయాలి. శనగ వేయకపోయినా ఈ శిలీంధ్రం నేలలో ఆరేళ్ల దాకా బతకగలదు కాబట్టి ఆ నేలను ఇక మరో శనగ పంటకు అడగకండి. చచ్చిన మొక్కలను ముక్కలుగా నరికి మడి అంతటా సమంగా కలిపి, మొత్తం జెజి 62 రకం విత్తండి. ఎండు తెగులుకు తేలిగ్గా లొంగే రకం ఇది. పరిశోధన క్షేత్రాల్లో పోలికకు దీన్నే వేస్తారు. ఎక్కడైనా ఒకటి బతికి కాయ కాస్తే దగ్గరికి వెళ్లి చూడండి. ఒక్కో కాడకు రెండేసి కాయలుంటే అది జెజి 62. ఒక్కొక్కటే ఉంటే వేరే రకం కలిసిన గింజ. ఏటా ఇలా చేస్తూ పోతే, ఏ మూల చూసినా జెజి 62 చచ్చే రోజు వస్తుంది. అప్పటిదాకా పరీక్ష మొదలుపెట్టవద్దు. ఇక్కడ తొందరపడేవారితో నాకు పడదు.

పరీక్షకు సాళ్ల మధ్య 30, మొక్కల మధ్య 10 సెంటీమీటర్లు ఉంచి, ప్రతి రెండు సాళ్లకు ఒక జెజి 62 సాలు వేయండి. తట్టుకునే రకానికి పోలికగా డబ్ల్యూఆర్ 315 కూడా ఉండాలి. విత్తనశుద్ధి చేయకూడదు, మందు పట్టిన గింజ కొంతకాలం నిలబడి మనల్ని మోసం చేస్తుంది. మొలిచిన మొక్కలను లెక్కపెట్టి, తర్వాత నెల రోజులకు, పూతలో, కోతకు ముందు చచ్చినవి రాసుకోండి. మొదటి లెక్కతో సరిపెట్టుకోవద్దు. కె 850 వంటివి తొలి నెలంతా నవనవలాడుతూ ఉండి తర్వాత వాలిపోతాయి. చావులు 10 శాతం లోపుంటే సాలు తట్టుకున్నట్టు, 20 దాకా ఉంటే ఓ మోస్తరు. పక్క జెజి 62 సాలు చావకపోతే మాత్రం ఆ లెక్క కొట్టేయండి.

సంకరానికి మీకు నచ్చిన రకాన్ని తల్లిగా, డబ్ల్యూఆర్ 315ను తండ్రిగా తీసుకోండి. శనగ పువ్వు విచ్చకముందే తనలో తాను పరాగసంపర్కం జరుపుకుంటుంది. కాబట్టి ఇంకా పుప్పొడి రాలని లేత మొగ్గను పట్టుకుని, సన్నని పట్టకారుతో రేకులు తొలగించి పది కేసరాలూ తీసేసి, తండ్రి మొక్క పుప్పొడిని అంటించాలి. చేయి తిరిగినవారికి కూడా చాలా మొగ్గలు రాలిపోతాయి. నిలిచిన కాయలో ఒకటో రెండో గింజలు.

ఆ గింజలు సంకరపు తొలి తరం (ఎఫ్1), వాటిని తెగులు మడిలో వేయకండి. తట్టుకునే గుణం చాలావరకు అంతర్గతం, తొలి తరంలో బయటపడదు. మొక్కలు చచ్చి మీ శ్రమంతా పోతుంది. మంచి నేలలో పెంచి, రెండో తరం (ఎఫ్2) నుంచి మడిలోకి దించండి. ఈ శిలీంధ్రంలోని రకాలను రేసులంటారు; మొదటి రేసు మీద కనీసం మూడు జన్యువులు పనిచేస్తాయి. ఒక్కటే ఉంటే చావు ఆలస్యమవుతుంది, రెండు కలిస్తే మొక్క పూర్తిగా నిలుస్తుంది. అందుకే పూత దాకా బతికినవాటిని చూసి మురిసిపోకుండా కోత దాకా ఆగండి. మిగిలిన ఒక్కో మొక్క గింజలను విడిగా మూటకట్టి, మరుసటి ఏడు ఒక్కో సాలుగా అదే మడిలో వేయండి. సాలంతా నిలిచేవి స్థిరపడేదాకా, ఆరో తరం (ఎఫ్6) వరకు ఇదే వరస.

ఇలా వచ్చింది ఎండు వేరుకుళ్లును కూడా తట్టుకుంటుందని ఎవరికీ మాట ఇవ్వకండి. ఎండలు ముదిరి నేల ఆరినప్పుడు వచ్చే ఆ తెగులుకు వేరే పరీక్ష కావాలి. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు హవారే, నెనె 1982లో మన దేశంలో ఎండు తెగులు రేసులు నాలుగని చూపారు: పటాన్‌చెరు, కాన్పూరు, గురుదాస్‌పూర్, హిస్సార్‌లలో ఒక్కొక్కటి. ఇక్కడ నిలిచింది అక్కడ నిలవాలని లేదు కాబట్టి గింజలను ఇతర చోట్లకూ పంపి చూడాలి. పంపే గింజలకు మాత్రం కార్బెండజిమ్, థైరమ్ కలిపి పట్టించండి. ఈ శిలీంధ్రం విత్తనంతో కూడా ప్రయాణం చేస్తుంది.