ఒడ్డెక్కే చోటు చూడకుండా దూకొద్దు: మాల్టా, గోజో రాళ్ల తీరంలో డైవింగ్ జాగ్రత్తలు

మధ్యధరా సముద్రంలోని మాల్టా దేశానికి చెందిన గోజో దీవిలో డైవర్ చనిపోయాడన్న వార్త రాగానే అందరూ అడిగేది ఎంత లోతులో అని. ఆ రోజు గాలి ఎటు నుంచి వీచింది, అతను ఎక్కడ ఒడ్డెక్కబోయాడు అని ఎవరూ అడగరు. అక్టోబరులో నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి, రద్దీ తగ్గుతుంది, గాలివానలు కూడా అప్పుడే మొదలవుతాయి. వెళ్లేవాళ్లు ఇది చదివి వెళ్లండి. గేజ్ (ట్యాంకులో గాలి చూపే మీటరు) చూసుకోండి, బడ్డీని (జతగా దిగేవాణ్ని) వదలొద్దు లాంటివి కోర్సులో చెప్పేశారు కాబట్టి ఇక్కడ చెప్పడం లేదు.

మనవాళ్లు ఎక్కువగా నేర్చుకునేది అండమాన్‌లోనో, పుదుచ్చేరిలోనో, రుషికొండలోనో. అక్కడ దిగేది పడవ మీంచి, లేదంటే ఇసుక తీరం నుంచి. మాల్టాలో చాలా డైవ్‌లు రాళ్ల మీంచే. రాతి అంచు నుంచి దూకడానికి ఒక్క క్షణం చాలు. అదే అంచుకి ట్యాంకు, బరువులతో ఎక్కాలంటే కెరటం ఒప్పుకోవాలి. ప్రమాదం ఇక్కడే: దిగే చోటు చూసి దిగుతారు, ఎక్కే చోటు చూడరు.

ఉదయం గాలి ఆగిపోతే సముద్రం శాంతించిందనుకుంటారు. గాలి ఆగినా, రాత్రంతా అది లేపిన స్వెల్ (పెద్ద అలల పోటు) గంటల తరబడి వస్తూనే ఉంటుంది. పైగా పెద్ద కెరటాలు గుంపులుగా వస్తాయి, రెండు గుంపుల మధ్య చాలాసేపు ఏమీ ఉండదు. అందుకే సూటు వేసుకోకముందే ఎక్కే చోటు ఎదురుగా పది నిమిషాలు నిలబడి చూడండి. ఒడ్డెక్కే నిచ్చెన కింది మెట్లు ఒకసారి మునిగి, ఒకసారి పూర్తిగా బయటపడుతున్నాయంటే ఆ రోజు అక్కడ డైవ్ లేదు.

గోజో పడమటి తీరంలో ద్వెయ్రా దగ్గరి బ్లూ హోల్ సంగతి చూడండి. గుంట లోతు సుమారు 15 మీటర్లు, కమాను కింద నుంచి బయటి సముద్రంలోకి దారి. అంతా సులువుగానే కనిపిస్తుంది. వాయవ్య గాలి, అంటే అక్కడివాళ్లు మజ్జిస్త్రాల్ అనేది, లేచిందంటే గుంటలో నీళ్లు పొంగి రాళ్లకేసి కొడతాయి. పక్కనే ఇన్‌లాండ్ సీ అనే మడుగు ఉంది, సొరంగంతో సముద్రానికి కలుస్తుంది. 'ఇక్కడ కుదరకపోతే ఇన్‌లాండ్ సీ సొరంగంలోంచి వచ్చేద్దాం' అనుకుంటారు. రెండూ పడమర ముఖమే కాబట్టి రెండూ ఒకేసారి మూసుకుపోతాయి. సొరంగం దాదాపు 80 మీటర్ల పొడవు, పైన పర్యాటకుల పడవలు తిరుగుతుంటాయి. ట్యాంకులో గాలి చాలక మధ్యలో పైకి తేలడానికి అది చోటు కాదు.

మజ్జిస్త్రాల్ రోజున గోజో దక్షిణాన షత్ లహ్మర్‌కి వెళ్లండి. కార్వేలా, కొమినోలాండ్ నౌకల్ని డైవర్ల కోసం 2006లో ముంచింది అక్కడే. దక్షిణ గాలి రోజున అది కూడా వద్దు. మునిగిన నౌక ఉమ్ ఎల్ ఫరూద్ ఉన్న వియెద్ ఇజ్-జుర్రియ్ (మాల్టా దీవిలో) కూడా దక్షిణ ముఖమే. ఎక్కాల్సింది ఇరుకు పాయలో, బ్లూ గ్రోటో గుహలు చూపించే పడవల మధ్య.

ట్యాంకులో గాలి లెక్క కూడా ఒడ్డెక్కే చోటు నుంచే మొదలవ్వాలి. 12 లీటర్ల ట్యాంకులో 50 బార్ (గాలి ఒత్తిడి కొలత) అంటే 600 లీటర్లు. కంగారులో నిమిషానికి 40 లీటర్లు పీలుస్తారనుకుంటే, 5 మీటర్ల లోతులో ఒత్తిడి ఒకటిన్నర రెట్లు కాబట్టి అది 60 అవుతుంది. చేతిలో ఉన్నది పది నిమిషాలే. కెరటాల గుంపు దాటేదాకా ఆగాల్సిన చోట ఆ పది చాలవు. నిచ్చెన కిందికి వచ్చేసరికి 80 బార్ ఉండాలి, అంటే పదహారు నిమిషాలు. వెనక్కి తిరిగేది ఈ అంకె నుంచి లెక్కేసుకోండి.

ఎక్కేటప్పుడు:

- కెరటాలు విరిగే చోటికి అవతల ఆగండి. గుంపులో చివరి కెరటం వెనకే రండి.
- నిచ్చెన చేతికి అందాకే ఫిన్స్ (కాళ్లకి వేసుకునే రెక్కలు) తియ్యండి. ముందే తీస్తే, కెరటం లాగినప్పుడు ఈదడానికి ఏమీ ఉండదు.
- పొడి రాతి మీద నిలబడేదాకా మాస్క్ ముఖానే, రెగ్యులేటర్ (గాలి పీల్చే పరికరం) నోట్లోనే.
- నిచ్చెన మీద ఒక్కరే. కింద ఎవరూ ఉండొద్దు, జారితే ట్యాంకు తల మీద పడుతుంది.
- పచ్చటి పాచి మీద కాలు పెట్టొద్దు.
- కెరటం విసిరితే రాయిని పట్టుకుని వేలాడొద్దు. దాంతోపాటే బయటికి పోండి.
- చేతికి గ్లోవ్స్, అడుగు మందంగా ఉన్న బూట్లు. ఆ రాళ్ల నిండా సీ అర్చిన్ (ముళ్లబంతిలాంటి సముద్ర జీవి) ముళ్లు.
- రెండుసార్లు ప్రయత్నించాక మూడోసారి వద్దు. రాళ్లకు దూరంగా ఈదండి, బీసీడీలో (తేలడానికి వేసుకునే జాకెట్‌లో) గాలి నింపండి, అవసరమైతే బరువులు వదిలెయ్యండి, మార్కర్ బోయా (దూరానికి కనిపించే రంగు గొట్టం) పైకెత్తండి, ఈల ఊదండి, కలిసి ఉండండి.
- ఒడ్డున ఫోనుతో ఒక మనిషి తప్పనిసరి. నంబరు 112. మీరు దిగిన సమయం, ఎక్కాల్సిన చోటు ఆ మనిషికి తెలియాలి.
- రెండో ఎక్కే చోటు పేరు చెప్పలేని గైడుతో దిగొద్దు.
- ముందే డబ్బు కట్టామని దిగొద్దు.
- పక్క గుంపు దిగిందని దిగొద్దు. వాళ్లు ఇంకా ఎక్కలేదు.