రాస్ప్‌బెర్రీ పై పాఠాలు – 4: పిన్నుల మీద హక్కు ఎవరికి?

క్రితం పాఠంలో రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు మీది జీపీఐఓ 17కి (ప్రోగ్రాముతో ఆన్, ఆఫ్ చేయగల పిన్నుల్లో ఒకటి) రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్చు, కలిపి ట్యాంకు మోటారు నడిపించాం. మా ఇంట్లో అదే బోర్డు మీద మేనల్లుడు పైథాన్ నేర్చుకుంటున్నాడు. ఎల్ఈడీ వెలిగించబోయి 27 బదులు 17 అని కొట్టాడు. సంపులో నీళ్లు లేవు, మోటారు ఖాళీగా తిరిగింది. వాడినేమీ అనలేదు. ఆ పిన్ను వాడికి అందేలా ఉంచింది నేనే.

ముందు టెర్మినల్‌లో డెవ్ ఫోల్డరులోని జీపీఐఓచిప్0 ఫైలు వివరాలు చూడండి. యజమాని రూట్ (సిస్టమ్ మీద పూర్తి అధికారం ఉన్న ఖాతా), గ్రూపు జీపీఐఓ, అనుమతి 660 (యజమానీ, గ్రూపూ చదవొచ్చు, రాయొచ్చు; మిగతావాళ్లకి ఏమీ లేదు) అని కనిపిస్తుంది. అంటే ఆ గ్రూపులో ఉన్నవాళ్లందరూ పిన్నులను ఆడించగలరు. జీపీఐఓమెమ్ అనే ఇంకో దారి కూడా ఇదే గ్రూపు చేతిలో ఉంది. కాబట్టి ఒక ఫైలుకి తాళం వేస్తే సరిపోదు, గ్రూపు సభ్యత్వమే చూసుకోవాలి. ఏదైనా పని చేయకపోతే అనుమతిని 666, అంటే అందరికీ, చేసేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. దయచేసి వినకండి, అది తలుపు తీసి పెట్టడమే.

పిల్లలకి యాడ్‌యూజర్ కమాండుతో వేరే ఖాతా తెరవండి. కొత్త ఖాతా జీపీఐఓ గ్రూపులో ఉండదు, సుడో హక్కూ (రూట్ అధికారంతో కమాండు నడిపే హక్కు) ఉండదు. పాత ఖాతానే వాడాలంటే జీపీఐఓ, సుడో అనే రెండు గ్రూపుల నుంచీ తీసేయాలి. సుడో మిగిలితే మిగతాదంతా వృథా. తీసేశాక లాగౌట్ చేయించడం మర్చిపోవద్దు. అప్పటికే తెరిచి ఉన్న సెషన్‌కి పాత హక్కులే ఉంటాయి. నేను ఇక్కడే అరగంట తికమకపడ్డాను.

ఇప్పుడు అసలు చిక్కు. గ్రూపు ఇస్తే చిప్‌లోని పిన్నులన్నీ ఇచ్చినట్టే. ఒక్క 27 మాత్రం ఇచ్చే వీలు ఇందులో లేదు. అందుకని 27ని మాత్రమే తాకే చిన్న స్క్రిప్టు మీరే రాయండి. పిన్ను నంబరు అందులోనే రాసేయాలి. బయటి నుంచి 'ఆన్', 'ఆఫ్' తప్ప ఇంకేదీ తీసుకోకూడదు. స్క్రిప్టుకీ, అది ఉన్న ఫోల్డరుకీ యజమాని రూట్ కావాలి, పిల్లల ఖాతాకి మార్చే హక్కు ఉండకూడదు. తర్వాత విసుడోలో (సుడో నియమాలు రాసే కమాండు) ఆ ఖాతాకి ఈ ఒక్క స్క్రిప్టునే సుడోతో నడిపే అనుమతి రాయండి.

మోటారు కరెంటు తీసేసి, పిల్లల ఖాతాలోంచి 17ని నడిపించి చూడండి. అనుమతి లేదని రావాలి. తర్వాత మీ స్క్రిప్టుతో 27 మీది ఎల్ఈడీ వెలిగించండి. రెండూ సరిగ్గా జరిగాకే మోటారుకి మళ్లీ కరెంటు ఇవ్వండి.