మాటల్లో మెలిక: తిరకాసు ప్రశ్న సొంతంగా కట్టడం ఎలా

తిరకాసు ప్రశ్నల్ని చాలామంది ఎక్కడో విన్నవి విన్నట్టే అడిగేస్తుంటారు. సొంతంగా ఒకటి కట్టడం అంత కష్టమేం కాదు, పైగా కట్టడం తెలిస్తే ఎదుటివాళ్లు అడిగినప్పుడు ఎక్కడ పడేయబోతున్నారో కూడా ఇట్టే తెలిసిపోతుంది. ఇవి పొడుపు కథల్లాంటివి కావు. పొడుపు కథలో ఒక వస్తువుని పోలికల వెనక దాస్తాం. ఇక్కడ ఏదీ దాచం, అన్నీ ఎదురుగానే చెప్తాం, వినేవాళ్లే తొందరలో మనం చెప్పనిది ఒకటి కలిపేసుకుంటారు. ఆ కలుపుకునేది ఏమిటో ముందు పట్టుకోండి, ప్రశ్న తర్వాత రాయొచ్చు.

"పది కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. గాలికి మూడు ఆరిపోయాయి, మళ్లీ ఎవరూ వెలిగించలేదు. తెల్లారేసరికి ఎన్ని మిగులుతాయి?" అంకెలు వినపడగానే మనసు తీసివేతకి పరుగెడుతుంది, ఏడు అనేస్తారు. మిగిలేది మాత్రం ఆరిపోయిన ఆ మూడే, తక్కినవి కాలి కరిగిపోతాయి కదా. ఈ ప్రశ్న ప్రాణం 'మిగులుతాయి' అన్న మాటలో ఉంది. 'తెల్లారేసరికి' తీసేసి అక్కడ 'ఇంకా ఎన్ని వెలుగుతున్నాయి' అని అడిగితే ఏడే కరెక్ట్, 'ఎన్ని కొవ్వొత్తులు ఉన్నాయి' అంటే పది అన్నా కాదనలేం. అందుకే కథ ఏదైనా పర్లేదు కానీ చివరి క్రియ దగ్గర మాత్రం బాగా ఆలోచించండి, నా లెక్కలో సగం పని అక్కడే ఉంటుంది.

ఇంకో దారి, ఒక వరస మొదలుపెట్టి వినేవాళ్లని అందులో నడిపించడం. "లలిత వాళ్ల నాన్నకి నలుగురు కూతుళ్లు. పెద్దమ్మాయి సరిత, రెండో అమ్మాయి రిషిత, మూడో అమ్మాయి గాయత్రి. నాలుగో అమ్మాయి పేరేంటి?" స, రి, గ అని చెవిన పడ్డాక 'మ'తో మొదలయ్యే పేరు వెతకని తెలుగువాళ్లు తక్కువ. మాధవి, మల్లిక అంటూ ఉంటారు, జవాబు లలిత అని మొదటి మాటలోనే చెప్పేశాం.

మూడోది పేరు మార్చడం. "సముద్రం దాటి వెళ్లిన భీముడు లంకకి దేనితో నిప్పు పెట్టాడు?" అని మామూలు గొంతుతో అడిగితే చాలామంది "తోకతో" అనేస్తారు. భీముడూ వాయుపుత్రుడే, చేతిలో గదా ఉంటుంది, అందుకే చెవికి తేడా తెలియదు. అదే చోట ధర్మరాజు అని పెడితే వెంటనే దొరికిపోతాం. ఇది మనస్తత్వ శాస్త్రంలో పేరున్న విషయమే. ప్రళయం వచ్చినప్పుడు నోవా జంతువుల్ని ఓడలోకి ఎక్కించి కాపాడిన బైబిల్ కథలో, నోవా బదులు బైబిల్లోనే ఇంకొకరైన మోజెస్ పేరు పెట్టి, ఓడలోకి ఒక్కో రకం జంతువుల్ని ఎన్నెన్ని ఎక్కించాడని అడిగితే, ఆ ఓడ నోవాదని తెలిసినవాళ్లు కూడా 'రెండు' అని చెప్పారని 1981లో ఎరిక్సన్, మ్యాట్సన్ అనే పరిశోధకులు చూపించారు. అంటే ఇందులో పడటం తెలివితక్కువతనమేం కాదు, మనం వినేటప్పుడు ప్రతి మాటనీ తూకం వేయం, అంతే.

ఇక తెలుగులో కట్టేటప్పుడు వ్యాకరణం ఒక్కోసారి సాయం చేస్తుంది, ఒక్కోసారి గుట్టు బయటపెట్టేస్తుంది. తండ్రీకొడుకులకి యాక్సిడెంట్ అయింది, తండ్రి అక్కడికక్కడే చనిపోయాడు, కొడుకుని ఆపరేషన్‌కి తీసుకెళ్తే డాక్టర్ గారు చూసి "వీడు నా కొడుకు, నేను చేయలేను" అన్నారు, ఎలా అనే ప్రశ్న చాలామంది వినే ఉంటారు. డాక్టర్ ఆ అబ్బాయి తల్లి. 'అన్నారు' అనే గౌరవ రూపంలో ఆడా మగా తేడా కనపడదు కాబట్టి మెలిక చక్కగా నిలబడుతుంది. 'అన్నాడు' అని నోరు జారితే మాత్రం అది అబద్ధం అయిపోతుంది, 'అంది' అంటే జవాబు మనమే చెప్పేసినట్టు.

అక్షరాలతో ఆడుకునే ప్రశ్నల్లో విభక్తులతో జాగ్రత్త. "వారం చివర వస్తుంది, సంవత్సరం చివర వస్తుంది, నెల చివర మాత్రం రాదు, ఏమిటది?" జవాబు 'రం' అనే అక్షరం. అదే 'వారానికి చివర' అన్నారనుకోండి, ఆ అక్షరమే మాయం. వేరే భాషలోని అక్షరాల ప్రశ్నల్ని తెలుగులోకి తెచ్చినప్పుడు ఎక్కువగా చెడేది ఇక్కడే, అందుకని అలాంటివి అనువదించకుండా మన మాటల్లోంచే కొత్తగా కట్టండి.

ఒక్క నియమం మాత్రం గట్టిగా పట్టుకోండి: ప్రశ్నలో అబద్ధం ఉండకూడదు, జవాబుకి కావలసింది దాచేయకూడదు. పేరు మార్చే ప్రశ్నల్లో ఆ తప్పు పట్టుకోవడమే జవాబు కాబట్టి వాటికి ఈ నియమం వర్తించదు. మిగతావాటిలో జవాబు విన్నాక ప్రశ్న మళ్లీ చదివితే ప్రతి మాటా నిజమే అనిపించాలి. "అయ్యో, నువ్వు చెప్పావు కదా!" అంటే ప్రశ్న బాగున్నట్టు, "అది నాకెలా తెలుస్తుంది?" అంటే మాటలు సరిచేయాలి. మీరు అనుకోని జవాబు ఎవరైనా చెప్పి, అది మీ మాటలకి సరిపోతే ఒప్పేసుకోండి. వాదించకండి.

అడిగేటప్పుడు మెలిక ఉన్న మాటని నొక్కకండి, అలాగని గబగబా మింగేయకండి, మిగతా వాక్యంతో పాటే పోనివ్వండి. నోటితో అడిగే ప్రశ్నలు రాతలో కొంచెం బలహీనపడతాయి, ఎందుకంటే చదివేవాళ్లు వెనక్కి వెళ్లి చూసుకోగలరు, ముఖ్యంగా లలిత ప్రశ్న. ఒకసారి పడ్డవాళ్లు తర్వాతి ప్రశ్నలో ప్రతి మాటనీ అనుమానంగా చూస్తారు, కాబట్టి రెండు తిరకాసుల మధ్య ఏ మెలికా లేని మామూలు ప్రశ్న ఒకటి పడేయండి. వాళ్లు దాన్నీ చీల్చి చూసి, ఏమీ లేదని తేలాక కాస్త వదులవుతారు, అప్పుడు రెండోది అడగండి.