సోడియం పంపును కొలిచే ముందు సోడియాన్ని తరిమేయండి

బ్యాక్టీరియా పొరలోని సోడియం పంపు ఎంత వేగంగా పనిచేస్తుందో కొలిచే ఈ పరీక్ష మొదటిసారి చేసినప్పుడు ఉప్పు వేసినా వేయకపోయినా గ్రాఫ్‌లో గీత ఒకేలా దిగింది. ఎంజైమ్ చచ్చిపోయిందనుకుని మూడు వారాలు మళ్లీ మళ్లీ పొరలు తయారుచేశాను. తీరా చూస్తే తప్పు నాదే. బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ సరిచేయడానికి అలవాటు కొద్దీ సోడియం హైడ్రాక్సైడ్ పోశాను!

విబ్రియో బ్యాక్టీరియా పొరలో ఎన్‌క్యూఆర్ అనే ఎంజైమ్ ఉంటుంది. ఎన్ఏడీహెచ్ అనే అణువు నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని, పొరలో వాటిని మోసే క్వినోన్‌కు అందిస్తూ, ఆ శక్తితో సోడియం అయాన్లను కణం బయటికి తోస్తుంది. సోడియం లేకపోతే దీని పని బాగా మందగిస్తుంది. మనం కొలిచేది ఆ తేడానే.

బఫర్‌ను ప్లాస్టిక్ సీసాలోనే కలపండి, గాజులోంచి సోడియం ఊరుతుంది. పీహెచ్ 8కి తేవడానికి పొటాషియం హైడ్రాక్సైడ్ వాడండి. లోహ అయాన్లను పట్టుకునే ఈడీటీఏ డబ్బా మీద ‘డైసోడియం’ అని ఉంటే ముట్టుకోకండి. ఎన్ఏడీహెచ్ కూడా ఎక్కువగా డైసోడియం లవణంగానే దొరుకుతుంది. 150 మైక్రోమోలార్ వేస్తే 300 మైక్రోమోలార్ సోడియం దాని వెంటే వచ్చేస్తుంది. ఇది నోట్‌బుక్‌లో రాసుకోండి. పొరలను కూడా సోడియం లేని బఫర్‌తో రెండుసార్లు కడగాలి. గ్లవ్స్ తప్పనిసరి, చెమటలోనూ ఉప్పే కదా.

ఇక క్యువెట్‌లో (కాంతి శోషణ కొలిచే చిన్న గొట్టం) 1 మి.లీ. బఫర్, 100 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 50 మైక్రోగ్రాముల ప్రోటీన్ ఉన్న పొరలు వేయండి. ఎన్ఏడీహెచ్ కాంతిని పీల్చుకునే 340 నానోమీటర్ల దగ్గర రీడింగ్ నిలకడగా ఉంటే ఎన్ఏడీహెచ్ కలపండి. ఎన్ఏడీహెచ్ ఖర్చవుతున్న కొద్దీ గీత మెల్లగా దిగుతుంది. నిమిషం ఆగి సోడియం క్లోరైడ్ వేస్తే ఒక్కసారిగా ఏటవాలుగా పడుతుంది. ఇంకో క్యువెట్‌లో అంతే పొటాషియం క్లోరైడ్ వేసి పోల్చండి. లేకపోతే ఆ వేగం సోడియం వల్లా, ఉత్తి ఉప్పు పెరగడం వల్లా అన్నది తేలదు.

రీడింగ్ నిమిషానికి 0.311 తగ్గిందనుకోండి. ఎన్ఏడీహెచ్ శోషణ గుణకమైన 6.22తో (ఒక మిల్లీమోలార్‌కు వచ్చే రీడింగ్) భాగిస్తే 0.05 మిల్లీమోలార్, అంటే 1 మి.లీ.లో 50 నానోమోల్‌లు. 50 మైక్రోగ్రాములకు అది మిల్లీగ్రాముకు 1 మైక్రోమోల్ అవుతుంది.

సోడియం లేకుండానే గీత జోరుగా దిగుతుంటే కంగారు పడకండి. అది అదే పొరలో ఉండే, పంపు చేయని ఎన్‌డీహెచ్-2 అనే మరో ఎంజైమ్ పని కావచ్చు. దానికి డీఅమైనో-ఎన్ఏడీహెచ్ (కాస్త మార్చిన ఎన్ఏడీహెచ్) పడదు, ఎన్‌క్యూఆర్‌కు పడుతుంది. అదే వాడి మళ్లీ చేయండి. అప్పటికీ తేడా కనబడకపోతే, బఫర్ ఎవరు కలిపారో అడగండి. మా ల్యాబ్‌లో అయితే నన్నే అడుగుతారు.